పళ్ళు చూసి

నన్ను ఊళ్ళలోకి పిలిచేది రెండు పనులకి.
ఆవుకి చూడి కట్టించడానికి,
ఎన్నిసార్లు చేసినా కట్టకపోతే
ఉంచాలో అమ్మాలో చెప్పడానికి.

రెండోదానికి ఫీజు లేదు.
నాలుక పక్కకి పట్టి నోట్లోకి చూస్తాను.
రెండు పళ్ళది, ఆరు పళ్ళది, నోరు నిండినది,
అరిగి చిగురుదాకా దిగినది.
మిగతాది తోక మొదట్లో ఎముక చెబుతుంది.
ఇరవై రెండేళ్ళలో
నాకు గుర్తున్నంతలో తప్పు చెప్పినవి మూడు.

నా బండి సంగతే
రెండేళ్ళుగా తేల్చలేకపోయాను.

గరివిడి నుంచి మెరకముడిదాం,
అక్కణ్ణించి గెడ్డ దాటి ఎంత లోపలికైనా
వెనక నత్రజని డబ్బాతో తిరిగిన బండి.
డబ్బా కూర్చోడానికి వెల్డింగు చేయించిన ఇనప వలయం
ఇప్పుడు బండి కన్నా గట్టిగా ఉంది.

మా హైమ కేలండరు వెనక లెక్క వేసింది.
"బండి ఖరీదు ఎనిమిది వేలు నాన్నా,
నిరుడు దానికి పెట్టింది పదకొండు."
కింద రెండు గీతలు గీసి పెన్నుకి మూత పెట్టేసింది.
నేను పక్కనే ఇంకో లెక్క వేశాను.
కొత్తదానికి కిస్తీ నెలకి మూడు వేల రెండొందలు.
పదకొండు వేలంటే మూడున్నర నెలలు.
తక్కిన ఎనిమిదిన్నర నెలలూ ఈ ముసలిది ఊరికే మోసినట్టే కదా.
అంకెలు కోడిపిల్లలు.
ఎవరు నూకలు జల్లితే వాళ్ళ కాళ్ళ దగ్గరికి వస్తాయి.

చీపురుపల్లిలో తవిటినాయుడు
చైను విప్పి పళ్ళచక్రం నా చేతిలో పెట్టాడు.
"నువ్వే సూడు మాస్టారూ, పళ్ళు సూసీవోడివి గదా."
అన్నీ ఒకే పక్కకి ఒరిగి
కొడవలి మొనల్లా ఉన్నాయి.
ఆవు గలవాళ్ళు నా ముందు నిలబడినట్టే
నేనతని ముందు నిలబడ్డాను.
"ఇంకొక ఈత వస్తాదేటి?"
నాలుగు వేలడిగాడు. ఇచ్చాను.
ఆరు నెలలు నడిచింది. అబద్ధమెందుకు, బాగానే నడిచింది.

ఆశ్వయుజం వానల్లో, రాత్రి ఒంటిగంట దాటాక ఫోను.
గుర్ల అవతల, తొలిచూలు పెయ్య,
కడుపులో దూడ అడ్డం తిరిగింది.
చొక్కా తొడుక్కుంటూ ప్రహరీ మీంచి చూశాను,
పక్కింటి పోలినాయుడి బండి కవరు కప్పుకుని ఉంది.
మేకుకి వేలాడే నా తాళం వైపు చెయ్యి వెళ్ళలేదు.

లేపి, అడిగి, తీసుకెళ్ళాను.
మోచేతి దాకా పెట్టి సరిచేసి, తాడేసి లాగితే
దూడ పడింది. ముక్కులో గడ్డిపరక పెడితే తుమ్మింది.
తెల్లారి ఇంటికొచ్చి నా బండిని తన్నాను.
ఒక్క కిక్కుకే అందుకుంది.
చాలాసేపు దాని శబ్దం వింటూ అక్కడే ఉన్నాను.

ఏ భాగం పోయిందంటే
తవిటినాయుడికి విప్పి చూపించలేను.
గోడ మీంచి చూశానే, అక్కడ పోయింది.

రాజాం పాత ఇనుము వ్యాపారి తీసుకుపోయాడు.
వలయం మాత్రం కోయించి ఉంచుకున్నాను.
కొత్తదానికి పట్టలేదు.
పెరట్లో కుడితి కుండకి కుదురయింది.

మొన్న ఎర్రయ్యమ్మ వాకిట్లో ఆగాను.
తొమ్మిది ఈతల ఆవు, అమ్మెయ్యమని
మూడేళ్ళ కిందట నేను తీర్పు చెప్పినది,
ఇంకా రాటకి అలాగే ఉంది.

ఆవిడ కొత్త బండి చుట్టూ ఒకసారి తిరిగింది.
"పాతదేదీ?"
"అమ్మేశాను."
"ఎంతకీ?"
"ఏడు వేల ఎనిమిదొందలు."
ఆవు గంగడోలు గోకుతూ అంది,
"మానాపురం సంతలో దీనికి పన్నెండేలన్నాడు.
నానివ్వనేదు."
"చూడి కట్టిందా మరి?"
"ఏటి కట్టుద్ది, దీని మొకం. పేడేత్తాది గదా."

అలవాటు కొద్దీ దాని నోరు తెరవబోయాను.
"ఒగ్గీ," అంది.